లెక్కల పరీక్షయు, పరీక్షకుని పరీక్షయు

పూర్వము మనవారి ధనము కంటికి కనబడునట్టిదిగా నుండెను. పొలములో నిలిచిన పైరు, గాదెలో పోసిన ధాన్యము, పెట్టెలో దాచిన బంగారము, వీనిని యజమాని తానే చూచుకొనగలిగెడివాడు. నేడు కుటుంబముల పొదుపు వేరొక రూపమును దాల్చినది. కంపెనీల వాటాలయందును, మ్యూచువల్ ఫండులయందును, ప్రావిడెంటు ఫండునందును, భీమా పాలసీలయందును జీవితకాలపు కష్టార్జితము నిలిచియున్నది. తెనాలి రైతుగాని, వరంగల్లు వర్తకుడుగాని తాను వాటా కొనిన కంపెనీ ఖజానాను ఎన్నడును చూడబోడు. అతడు చూచునది సంవత్సరమున కొక పర్యాయము వచ్చు ఆస్తి అప్పుల పట్టిక. దాని క్రింద ఆడిటరు చేసిన సంతకము. ఆ సంతకమును నమ్మియే అతడు తన సొమ్మును అక్కడ నుంచుచున్నాడు.

ఆ సంతకమునకు విలువ యెంత? ఆడిటరు లెక్కలను పరీక్షించును, సరే. ఆడిటరును పరీక్షించువా రెవరు? ఇది అకౌంటెంట్లు తమలో తాము చర్చించుకొనవలసిన వృత్తివిషయమని తలచుట పొరపాటు. ఇతరుల చేతిలో సొమ్ముంచిన ప్రతి గృహస్థునకును ఇది సొంత వ్యవహారమే.

చట్టము ప్రకారము ఆడిటరును నియమించువారు వాటాదారులు. అతడు వారి ప్రతినిధి. కాని వేలకొలది వాటాదారులు నూరు ఊళ్లలో చెదరియుందురు. ఆడిటరు పేరును సూచించుట, ప్రతిఫలము బేరమాడుట, కాగితములు చూపుట, మరల నియమింపవలెనా మానవలెనా యని తలపోయుట, ఇవన్నియు వాడుకలో యాజమాన్యము చేతిలోనికి జారుచుండును. పట్టణమున కాపురమున్న భూస్వామి యొకడు గ్రామమునందలి వ్యవసాయమును గుమాస్తాకు అప్పగించి, అతని లెక్కలను సరిచూచుటకు ఇంకొకనిని పంపెననుకొందము. ఈ రెండవవాని బస గుమాస్తా ఇంట. భోజనము గుమాస్తా పెట్టునది. కూలి నిర్ణయించువాడును, మరుసటి యేడు పిలుచువాడును గుమాస్తాయే. అట్టివాడు గాదె తలుపు తీయించి ధాన్యమును కొలిపించునా, లేక గుమాస్తా చీటీలోని అంకెను తన చీటీలోనికి ఎక్కించుకొని వచ్చునా? అది అతని మనోధైర్యమునుబట్టి యుండును. ఒక్కని మనోధైర్యమును నమ్ముకొని వేలమంది సొమ్మును వదలివేయరాదు. తగిన యేర్పాటు కావలెను.

అట్టి యేర్పాటే ఆడిటు కమిటీ. డైరెక్టర్ల బోర్డులో కంపెనీ నిర్వహణతో ప్రమేయము లేని సభ్యులు కొందరు చిన్న సంఘముగా కూర్చుందురు. ఆడిటరును ఎన్నిక చేసి సూచించుట, అతని ప్రతిఫలమును తూచుట, అతని పనితీరును గమనించుట, అతడు చెప్పదలచిన దానిని యాజమాన్యము లేనిచోట వినుట వారి పని. భూస్వామి తనకు నమ్మకమైన బంధువును గ్రామమునకు పంపి, తనిఖీదారునకు బసయు కూలియు తానే యేర్పరచినట్లన్నమాట.

దీని పుట్టుక కథ తెలిసికొనదగినది. 1938 డిసెంబరులో అమెరికాలో మెక్కెసన్ అండ్ రాబిన్స్ అను మందుల కంపెనీ గుట్టు బయటపడెను. కోస్టరు అను మారుపేరుతో దాని అధ్యక్షపదవి నలంకరించినవాడు ఫిలిప్ మ్యూజికా అను పాత నేరస్థుడు. కంపెనీ చూపిన సుమారు 8 కోట్ల 70 లక్షల డాలర్ల ఆస్తిలో సుమారు 1 కోటి 90 లక్షలు ఉత్త కల్పన. లేని సరకు, లేని కొనుగోలుదారులనుండి రావలసిన బాకీలు! ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ అను ప్రఖ్యాత సంస్థవారు. వారు కాగితములను చూచిరి. సరకును కంటితో చూడలేదు. బాకీదారులకు ఉత్తరములు వ్రాయలేదు. ఆనాటి వృత్తినియమములు వారిని అట్లు నిర్బంధింపలేదు. 1939లో అమెరికా అకౌంటెంట్ల సంఘము ఆ రెండింటిని నియమములలో చేర్చినది. 1940లో ఆ దేశపు సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజి కమిషను ఇంకొక మాట చెప్పినది: కంపెనీ ఉద్యోగులు కాని డైరెక్టర్ల కమిటీ ఆడిటర్ల పేర్లను సూచించి, వారితో ఒప్పందమును కుదుర్చుకొనవలెనని. నేటి ఆడిటు కమిటీలకు ఆ సూచనయే బీజము.

మంచి ఆడిటు అనగా నేమి? లిండా డిఏంజెలో అను అమెరికా పండితురాలు 1981లో దీనికి చెప్పిన నిర్వచనమును నేటికిని అందరును స్మరించుచున్నారు. ఆడిటు నాణ్యతకు రెండు అంగములు: లెక్కలలోని తప్పును కనుగొనుట ఒకటి; కనుగొనినదానిని చెప్పుట రెండవది. మొదటిదానికి నేర్పు, కాలము, పరిశ్రమ కావలెను. రెండవదానికి నిర్భయత కావలెను. ఆడిటు కమిటీ ఈ రెండింటికిని తోడ్పడగలదు. ఆడిటరునకు చాలినంత కాలమును, ప్రతిఫలమును ఇప్పించి, అనుమానపుచోట్ల లోతుగా త్రవ్వుమని చెప్పినచో మొదటి అంగము బలపడును. నిజము చెప్పినందువలన పదవికి భంగము రాదని భరోసా యిచ్చినచో రెండవది బలపడును. కమిటీ నిద్రించినచో ఈ రెండును యాజమాన్యము దయాధర్మముపై ఆధారపడును.

పరిశోధకులు పెక్కుమంది దీనిని అంకెలతో పరీక్షించిరి. లెక్కలెరిగిన స్వతంత్ర సభ్యులుగల కమిటీలున్నచోట తరువాత సరిదిద్దవలసివచ్చు తప్పుడు లెక్కలు తక్కువగా నుండుట సాధారణముగా కనబడినది. అయితే మంచి కమిటీ మంచి ఆడిటును పుట్టించుచున్నదా, లేక నిజాయితీగల కంపెనీలే రెండింటిని కోరి తెచ్చుకొనుచున్నవా యని విడదీసి చెప్పుట సులభము కాదు. కావున ఒక్క దృష్టాంతమును నిశితముగా పరిశీలించుట మేలు. అది దూరదేశమున లేదు. మన హైదరాబాదుననే యున్నది.

1987లో బి. రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ తెలుగువారు గర్వించునంతగా పెరిగినది. 2001లో న్యూయార్కు స్టాకు ఎక్స్చేంజిలో చేరినది. 50 వేలకు పైగా ఉద్యోగులకు కొలువిచ్చినది. 2008 సెప్టెంబరులో కంపెనీల పరిపాలనా శ్రేష్ఠతకై యిచ్చు గోల్డెన్ పీకాక్ బహుమానమును పొందినది. నాలుగు నెలలైనను నిండకముందే, 2009 జనవరి 7న, రామలింగరాజు బోర్డునకు లేఖ వ్రాసి, లెక్కలు ఏండ్ల తరబడి అసత్యములని ఒప్పుకొనెను. పులిపై స్వారి వంటి స్థితిలో తాను చిక్కితినని ఆ లేఖలో చెప్పుకొనెను.

ఆ లేఖలోని అంకెలను పాఠకులు గమనింతురుగాక. 2008 సెప్టెంబరు 30 నాటికి చేతినిలువ, బ్యాంకు నిలువ కలిసి 5,361 కోట్ల రూపాయలని చూపగా, అందులో 5,040 కోట్లు లేనేలేవు. నూరు రూపాయలలో 94 కల్పితములు! ఆ లేని నిలువపై రావలసినట్లు చూపిన వడ్డీ 376 కోట్లు. దాచిన అప్పు 1,230 కోట్లు. హెచ్చించి చూపిన బాకీలు 490 కోట్లు. ఆ త్రైమాసికమున వ్యాపారపు లాభము రాబడిలో నూటికి 24 అని ప్రకటింపగా, నిజముగా నుండినది నూటికి 3 మాత్రమే. సుమారు 179 రూపాయలున్న వాటా ఆ ఒక్క దినముననే 40 రూపాయల దరికి కూలినది. ఆడపిల్ల పెండ్లికని, ముసలితనమునకని ఆ వాటాలను దాచుకొన్న కుటుంబములు సాయంకాలమునకు నాలుగింట మూడు వంతులకు పైగా పోగొట్టుకొన్నవి.

ఈ కంపెనీకి ఆడిటు కమిటీ లేకపోలేదు. 2000లో మన కంపెనీల చట్టమునకు చేర్చిన 292ఏ సెక్షను ప్రకారమును, స్టాకు ఎక్స్చేంజీల నిబంధనల ప్రకారమును, న్యూయార్కులో చేరినందున అమెరికాలో 2002లో వచ్చిన సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టము ప్రకారమును అది యుండి తీరవలెను, ఉండెను. బోర్డులో కంపెనీ ఉద్యోగులు కాని డైరెక్టర్లు సామాన్యులును కారు. కేంద్ర మంత్రిమండలి కార్యదర్శిగా పనిచేసి విరమించిన ఉన్నతోద్యోగి, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను, ఐ.ఐ.టి. మాజీ డైరెక్టరు, హార్వర్డు ఆచార్యుడు వారిలో నుండిరి. అంతటి విద్వత్సభ కూర్చుండగా బ్యాంకులో లేని 5 వేల కోట్లు పట్టికలో నుండగలిగినవి. మోసము వారికి తెలియునని నేరవిచారణలో తేలలేదు. శిక్షపడినవారిలో వారెవ్వరును లేరు. అందువలననే ఈ దృష్టాంతము మనకు మరింత బోధకము. దుర్మార్గులు కమిటీలో నుండి మోసము జరిగినయెడల ఆశ్చర్యము లేదు. పెద్దమనుష్యులుండియు జరిగినది.

ఎట్లు జరిగెను? బ్యాంకులో నిలువ యున్నదాయని సరిచూచుటకు పాత పద్ధతి యొకటి కలదు. ఆడిటరు తానే బ్యాంకునకు ఉత్తరము వ్రాయవలెను. జవాబు నేరుగా ఆడిటరునకే రావలెను. నడుమ కంపెనీ గుమాస్తా చేయి సోకరాదు. సత్యం ఆడిటు చేసినది మన దేశమునందలి ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ. ఉత్తరములు పంపుటను, జవాబులు తెచ్చుటను ఆడిటర్లు పూర్తిగా యాజమాన్యము చేతికే విడిచిరని 2011 ఏప్రిలులో అమెరికా కమిషను ప్రకటించినది. ఈ లోపము సత్యం ఒక్కదానితో ఆగలేదనియు, ఆ సంస్థల నాణ్యతా నియంత్రణములోనే యున్నదనియు చెప్పినది. ఆరోపణలను ఒప్పుకొనకయు, కాదనకయు ఆ సంస్థలు కమిషనునకు 60 లక్షల డాలర్లు, ఆడిటర్లపై అజమాయిషీ చేయు అమెరికా బోర్డునకు 15 లక్షల డాలర్లు చెల్లించుటకు సమ్మతించినవి. మెక్కెసన్ కాలపు సంస్థకును దీనికిని పేరు ఒక్కటే. దేశములు వేరు, మనుష్యులు వేరు. కాని పాఠము ఒక్కటియే. చీటీని నమ్మవద్దు, గాదెను తెరిచి చూడుమని 1938లో నేర్చినది 70 సంవత్సరముల పిమ్మట హైదరాబాదులో మరపునకు వచ్చినది.

ఇక్కడనే ఆడిటు కమిటీ కర్తవ్యము కనబడుచున్నది. కమిటీ బ్యాంకునకు పోయి నోట్లు లెక్కింపనక్కరలేదు. ఆడిటరును ప్రక్కకు పిలిచి మూడు ప్రశ్నలు వేసిన చాలియుండెను. ఇంత సొమ్ము ఏ బ్యాంకులో, ఏ శాఖలో, ఎంత వడ్డీకి ఉన్నది? నీవు బ్యాంకునకు స్వయముగా ఉత్తరము వ్రాసితివా? జవాబు ఎవరి చేతిమీదుగా నీకు చేరెను? ఈ ప్రశ్నలకు హార్వర్డు పాండిత్యము అక్కరలేదు. సహకార పరపతి సంఘపు కార్యవర్గములో నొక ఏడు పనిచేసిన రైతు వేయగలడు. మూడవ ప్రశ్న వేయుదురని ముందే తెలిసిన ఆడిటరు, ఆ ఉత్తరమును గుమాస్తా చేతికీయడు. అడుగబోవువాడు కలడను తలంపే తనిఖీని బాగుచేయును. కమిటీ పర్యవేక్షణకును ఆడిటు నాణ్యతకును గల సంబంధము సారాంశమున నింతియే.

ఆ బోర్డు ప్రశ్నించు అలవాటు ఎట్టిదో తెలుపు ఘట్టము మరియొకటి కలదు. 2008 డిసెంబరు 16న రామలింగరాజు కుటుంబమునకు చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు బోర్డు సమ్మతించినది. వాటాదారులు ఆగ్రహింపగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయము వెనుకకు తీసికొనబడినది. కల్పిత ధనమునకు బదులుగా నిజమైన ఆస్తులను నింపుటకు అదియే కడపటి యత్నమని తరువాత లేఖలో వెల్లడియైనది. బోర్డు ఆపలేనిదానిని వాటాదారుల నిరసన ఒక్క రాత్రిలో ఆపినది. కాని మోసము బయటపడుటకు అప్పటికే ఆలస్యమైపోయినది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత చెప్పి కొందరు తప్పించుకొందురు. యాజమాన్యమే దొంగపత్రములు పుట్టించినపుడు, ఏటికి నాలుగైదు దినములు కూర్చుండు డైరెక్టరు ఏమి చేయగలడని వారి వాదము. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. ఆడిటరు కావలికుక్కయేకాని వేటకుక్క కాదని 1896లోనే ఇంగ్లాండు న్యాయమూర్తి లోప్స్ కింగ్‌స్టన్ నూలుమిల్లు వ్యాజ్యములో తీర్పు చెప్పెను. అనుమానమునకు తావు లేనపుడు ఆడిటరు కంపెనీ ఉద్యోగులను నమ్మవచ్చునని ఆ తీర్పు తాత్పర్యము. కాని కావలికుక్క గొలుసు ఎవరి చేతిలో నుండవలెను? దొంగ చేతిలో నుండరాదు గదా! గొలుసు పట్టుకొనవలసినది ఆడిటు కమిటీ. కుక్క మొరిగినపుడు దీపము పట్టుకొని బయటకు రావలసినదియు అదియే.

మొరిగినను లేవని యింటివారి కథయు కలదు. అమెరికాలో 2001లో కూలిన ఎన్‌రాన్ కంపెనీ ఆడిటు కమిటీకి అధ్యక్షుడు స్టాన్‌ఫర్డులో అకౌంటింగు ఆచార్యుడుగా, డీనుగా పనిచేసినవాడు. కంపెనీ లెక్కల పద్ధతులు మిక్కిలి ప్రమాదపుటంచున నున్నవని ఆర్థర్ ఆండర్సన్ ఆడిటర్లు 1999 ఫిబ్రవరిలోనే ఆ కమిటీకి తెలిపిరి. అయినను కమిటీ గట్టిగా నిలదీయలేదని 2002లో అమెరికా సెనేటు ఉపసంఘము తేల్చినది. 2000 సంవత్సరములో ఆ ఆడిటర్లకు ఆడిటు పనికై సుమారు 2 కోట్ల 50 లక్షల డాలర్లు, ఇతర సలహాలకై సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు ముట్టినవి. ఆడిటు కూలికంటె సలహాల కూలి హెచ్చైనచోట ఆడిటరు గొంతు ఎంతవరకు పలుకును? దానిని ఆలోచింపవలసిన కమిటీయే ఊరకుండెను. పాండిత్యమునకు కొరత లేదు. అడుగు తెగువకే కొరత.

మన దేశమున సత్యం పతనము ఊరక పోలేదు. 2013 నాటి కంపెనీల చట్టములో 177వ సెక్షను ఆడిటు కమిటీకి స్పష్టమైన అధికారమిచ్చినది. ఆడిటరు నియామకమును, ప్రతిఫలమును సిఫారసు చేయుట, అతని స్వాతంత్ర్యమును, పనితీరును, ఆడిటు సాఫల్యమును సమీక్షించుట ఇపుడు దాని విధి. 139వ సెక్షను ప్రకారము పెద్ద కంపెనీలలో ఒక ఆడిటు సంస్థ ఐదేండ్ల చొప్పున రెండు దఫాలకు మించి యుండరాదు. 144వ సెక్షను ఆడిటరు అదే కంపెనీకి అమ్మరాని సేవలను పేర్కొన్నది. సెబీ 2015 నిబంధనల ప్రకారము స్టాకు ఎక్స్చేంజిలో చేరిన కంపెనీల కమిటీలో మూడింట రెండువంతులు స్వతంత్రులై యుండవలెను. ఏటికి కనీసము 4 పర్యాయములు సమావేశము కావలెను. 2018 అక్టోబరులో ఆడిటర్లపై విచారణ జరుపుటకు నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ యేర్పడినది.

న్యాయస్థానముల మార్గమెంత దీర్ఘమో కూడ చూడుడు. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజును, ఇద్దరు ఆడిటర్లను, మరి యేడుగురిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధించెను. మరుసటి నెలలో అప్పీలుపై శిక్ష నిలుపబడి వారికి జామీను దొరకెను. 2018 జనవరిలో సెబీ ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలపై విధించిన రెండేండ్ల నిషేధమును 2019 సెప్టెంబరులో అప్పీలు ట్రిబ్యునలు కొట్టివేసెను. దొంగతనము జరిగిన తరువాత న్యాయము వెదకుట ఇంత కష్టము. ముందుగా కాపలా పెట్టుకొనుటయే గృహస్థునకు మేలు.

చట్టములో సెక్షన్లు పెరిగినంత మాత్రమున కాపలా కుదిరినట్లు కాదు. 2020లో జర్మనీలో వైర్‌కార్డు అను కంపెనీ కూలినపుడు బ్యాంకులో నున్నవని చూపిన 190 కోట్ల యూరోలు లేనట్లు తేలినది. అదే కథ, అదే బ్యాంకు నిలువ! అంత పెద్ద కంపెనీ 2019 వరకు ప్రత్యేకముగా ఆడిటు కమిటీనే యేర్పరచుకొనలేదు. 2021లో జర్మనీ ప్రజాప్రయోజనముగల కంపెనీలకు దానిని చట్టముచేత విధించినది. కమిటీ లేనిచోట మోసము జరిగినది. కమిటీ యున్నచోటను జరిగినది. కావున కమిటీ యుండుట అవసరము; ఉండుటతోనే సరిపోదు.

మన లోపము వేరొకచోట నున్నది. స్వతంత్ర డైరెక్టరు పేరును పెక్కు కంపెనీలలో సూచించువారు నేటికిని ప్రమోటర్లే. పిలిచి పీట వేసినవానిని నిలదీయుటకు మన మర్యాద అడ్డువచ్చును. 2022 జనవరినుండి స్వతంత్ర డైరెక్టరు నియామకమునకు వాటాదారుల ప్రత్యేక తీర్మానము కావలెనని సెబీ విధించినది. అనుకూలపు ఓట్లు ప్రతికూలపు ఓట్లకు మూడురెట్లైనను ఉండవలెనన్నమాట. ఇది మంచి మార్పే. కాని ఓటును వినియోగించువాడు లేనిచో అదియు కాగితముననే నిలుచును.

వాటాదారులు తమ చేతిలోని సాధనములను ఎరుగవలెను. ఏటేటా వచ్చు కంపెనీ నివేదికలో ఆడిటు కమిటీ ఎన్నిమారులు కూడినదియు, ఏ సభ్యుడు ఎన్నింటికి వచ్చినదియు, ఆడిటరునకు ఎంత ముట్టినదియు వ్రాసియుండును. లాభాంశపు అంకెను చూచి నివేదికను అటకపై పడవేయుట మనకు అలవాటు. ఆ రెండు పుటలను కూడ చదువుడు. వార్షిక సర్వసభ్య సమావేశమునకు ఆడిటు కమిటీ అధ్యక్షుడు హాజరు కావలెనని నిబంధన. అతనిని మర్యాదగా అడుగుడు: ఆడిటరుతో యాజమాన్యము లేకుండ మీరెన్నిమారులు మాటలాడితిరి? బ్యాంకు జవాబులు నేరుగా ఆడిటరునకే వచ్చినవాయని విచారించితిరా? ఆడిటరునకును యాజమాన్యమునకును ఏ విషయమున భేదాభిప్రాయము కలిగెను? భేదమే లేదని ప్రతి యేడును జవాబు వచ్చినచో, దానిని శుభవార్తగా స్వీకరింపక మరియొక ప్రశ్న వేయుడు.

డైరెక్టరు పదవిని స్వీకరించు పెద్దలకును ఒక మాట. వారి పేరు ప్రతిష్ఠలను చూచియే సామాన్యుడు తన సొమ్మును అక్కడ పెట్టుచున్నాడు. అడుగవలసినదానిని అడుగక కూర్చుండు పెద్దమనిషి తన పేరును ఇతరులకు ముసుగుగా అరువిచ్చినవాడగును. అంతకంటె ఆ కుర్చీ ఖాళీగా నుండుటయే మేలు. ఖాళీ కుర్చీని చూచి ఎవ్వరును మోసపోరు.